మావారి డయాలసిస్, నా మిద్దెతోట

మా మిద్దె మీద కాసే వాటిలో సగం మావారు తినకూడనివే. టమాటా, పాలకూర, మునగాకు, చిలగడదుంప, ఒక పెద్ద డ్రమ్ములో అరటి కూడా. పొటాషియం ఎక్కువున్నవన్నీ ఏరికోరి పెంచావా అక్కా అని మా తోటికోడలు ఒకటే నవ్వు. కానీ మా ఇంట్లో తోట ముందొచ్చింది, జబ్బు తర్వాతొచ్చింది. 2014లో హుద్‌హుద్ తుఫాను దెబ్బకి విశాఖలో చెట్లన్నీ కూలిపోయి ఊరు బోడిగుండులా కనిపిస్తుంటే చూడలేక, నాలుగు సిమెంటు కుండీలు కొనుక్కొచ్చి మొదలుపెట్టాను. ఆ నాలుగూ మిద్దె అంతా పాకాయి. ఆయనకు బీపీ అంతకు ముందు నుంచే ఉంది. అది లోపల్లోపల చేసే పని చేసుకుంటూ పోయి, నీరసం, కాళ్ళ వాపు అని టెస్టులు చేయిస్తే, కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ చూసి డాక్టరుగారు ముందు కుర్చీలో కూర్చోమన్నారు.

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా అనగానే అందరూ అడిగేది ఒకటే, "ఉద్దానమా?" అని. కాదండీ, ఆమదాలవలస. ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు. అక్కడ బీపీ, షుగర్ లేకుండా పొలం పని చేసుకునేవాళ్ళకి కూడా కిడ్నీలు పోతున్నాయి, ఫలానా కారణం అని ఇన్నేళ్ళయినా తేల్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచింది కూడా వాళ్ళ కోసమే. మావారిది మామూలు బీపీతో వచ్చిన జబ్బు. ఈ మాట చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పెట్టింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇప్పుడు మా వారం సోమ, బుధ, శుక్రవారాల చుట్టూ తిరుగుతుంది. మొదటి షిఫ్టు. మెషిన్ మీద నాలుగు గంటలే కానీ, బరువు చూడటం, సూదులు పెట్టడం, అయ్యాక రక్తం ఆగేదాకా దూది అదిమి పట్టుకు కూర్చోవడం, అన్నీ కలిపితే ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమే. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. అంటే ధమనిని, సిరని కలిపి కుట్టేస్తారు, కొన్నాళ్ళకి ఆ సిర లావెక్కి సూదులకి తట్టుకుంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, బరువు ఎత్తకూడదు, దాని మీద తలపెట్టి పడుకోకూడదు. రాత్రి లైట్ ఆర్పేముందు అక్కడ వేళ్ళు ఆన్చి చూస్తాను. గుమ్మడిపువ్వులో దూరిన తుమ్మెద రొద చేస్తున్నట్టు జివ్వుమంటూ ఉంటుంది. ఆ రొద ఆగిపోతే గడ్డకట్టిందేమోనని వెంటనే పరిగెత్తాలి. "ఉందా?" అంటారాయన కళ్ళు మూసుకునే. "ఉంది, పడుకోండి" అంటాను. ఇవాళ్టికి మా కబుర్లు అంతే అన్న రోజులు కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా కష్టమైనది ఆదివారం. శుక్రవారం మెషిన్ దిగితే మళ్ళీ సోమవారం దాకా లేదు, అదే పెద్ద గ్యాప్. విశాఖలో ఆదివారం అంటే చేపల పులుసో కోడికూరో ఉండాల్సిందే, వీధంతా అదే వాసన, పైగా బంధువులు వచ్చేదీ అప్పుడే. ఆయనకి రోజుకి ముప్పావు లీటరు నీళ్ళే అన్నారు. అందులోనే మజ్జిగ, చారు, టీ, మాత్ర వేసుకునేటప్పటి గుక్క, ఇడ్లీ మీద పోసుకున్న సాంబారు అన్నీ లెక్కే. మే నెలలో ఇక్కడి ఉక్కపోతలో ముప్పావు లీటరు అంటే ఎలా ఉంటుందో ఒక్కరోజు ఉండి చూడండి. చిన్న స్టీలు గ్లాసు, ఒక ఐసు ముక్క చప్పరించడం, ఇలాంటివి కొంత పనికొస్తాయి. అసలు కిటుకు మాత్రం ఉప్పు తగ్గించడంలో ఉంది, ఉప్పు తింటే దాహం ఆగదు. ఆవకాయ జాడీ వంటగదిలోంచి మిద్దె మెట్ల కింద అలమారాలోకి మారింది. ఇంకొకటి, ఉప్పు బదులు అని దుకాణాల్లో లో సోడియం సాల్ట్ అమ్ముతారు కదా, దాంట్లో సోడియం తగ్గించి కలిపేది పొటాషియమే. కిడ్నీ పేషెంట్ ఉన్న ఇంట్లోకి దాన్ని రానివ్వకండి.

పొటాషియం గురించి ఇంత గోల ఎందుకంటే, అది బయటికి పోయే దారి లేక రక్తంలో పెరిగిపోతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందు ఏ గుర్తూ కనపడదు. మనవాళ్ళేమో పేషెంట్‌ని చూడ్డానికి వస్తూ నాలుగు కొబ్బరిబొండాలు, ఒక అరటి అత్తం, డజను బత్తాయిలు తెస్తారు. ప్రేమే, కాదనను. ఆ బొండాలు మా పిల్లలు తాగి తాగి విసిగిపోయారు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి వస్తున్నాం అంటే మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాను, యాపిల్స్ తెండి, లేకపోతే గుడ్లు తెండి అని. గుడ్లు అనగానే ఇంకో పాఠం మొదలు, "కిడ్నీ వాళ్ళకి ప్రొటీన్ పెట్టకూడదు కదమ్మా" అని. అది డయాలసిస్ మొదలవకముందు మాట. మొదలయ్యాక మెషిన్‌లో ప్రొటీన్ కొంత పోతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే తినమంటారు. ఆయనకి రోజూ తెల్లసొన ఉండాల్సిందే.

కూరల సంగతికొస్తే, ముక్కలు చిన్నగా తరిగి, వేడినీళ్ళలో చాలాసేపు నానబెట్టి, ఆ నీళ్ళు వంపేసి అప్పుడు వండాలి. పొటాషియం మొత్తం పోదు, కొంత దిగుతుంది. రుచి కూడా కొంత పోతుందనుకోండి. ఈ వంపేసిన నీళ్ళు మొదట్లో సింకులో పారబోసేదాన్ని. తర్వాత తట్టింది, ఇందులో ఉప్పు లేదు, ఉన్నది పొటాషియం, అరటికి కావాల్సిందీ అదే. చల్లారాక బకెట్లో పట్టి పైకి మోస్తున్నాను. ఈసారి గెల బాగానే వేసింది. దాని వల్లేనని ప్రమాణం చేయలేను గానీ, మా అబ్బాయి మాత్రం "నాన్న పొటాషియం" అని ఆ చెట్టుకి పేరు పెట్టేశాడు.

తోటలో ఆయన కోసం మార్చింది ఏమైనా ఉందంటే పందిరి. బీర, సొర, పొట్ల, దొండ, ఈ తీగజాతి వాటిల్లో పొటాషియం తక్కువ. టమాటా కుండీలు తీసెయ్యలేదు, అవి నాకూ పిల్లలకీ. ఇంట్లో ఒకళ్ళు తినకూడదని నలుగురం మానెయ్యడం నాకు నచ్చదు, ఆయనకీ నచ్చదు. మొదట్లో అందరం చప్పిడి తిన్నాం కొన్నాళ్ళు, ఆయనే కంచం తోసేసి "నాకేదో సంతాపసభలో కూర్చున్నట్టుంది, మీ పప్పులో మీరు ఉప్పేసుకోండి" అన్నారు.

బీరతో ఒక పేచీ ఉంది. దాని పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. మిద్దె మీదికి అంత ఎత్తుకి పురుగూ పుట్రా సరిగా రావు, మనమే చెయ్యాలి. మగపువ్వు తెంపి, పసుపు రేకులు వెనక్కి వంచి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వుకి మెల్లిగా అద్దాలి. ఆడపువ్వు కింద వేలంత పిందె ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. ఒక్క సాయంత్రం తప్పితే పిందె పసుపెక్కి రాలిపోతుంది. డయాలసిస్ రోజుల్లో ఆయన మధ్యాహ్నమంతా చిత్తుగా నిద్రపోతారు, ఒక్కోసారి పిక్కలు పట్టేసి లేస్తారు, బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఐదింటికి టీ, రెండు మేరీ బిస్కెట్లు ఇచ్చి, ఫర్వాలేదు అనిపిస్తే అప్పుడు పైకి. ఫోన్ మాత్రం నైటీ జేబులోనే. నా గ్రూప్ బీ, ఆయనది ఓ, నా కిడ్నీ ఇద్దామంటే కుదరలేదు. చనిపోయినవాళ్ళ అవయవాలు అవసరమైనవాళ్ళకి ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదైంది, ఎప్పుడు ఫోన్ వస్తే అప్పుడు బయల్దేరాలి. మొన్నొక సాయంత్రం చేతిలో మగపువ్వు ఉండగానే తెలియని నంబరు. కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఎత్తితే "మేడమ్, పర్సనల్ లోన్ ఏమైనా చూస్తున్నారా?" అని. ఆ అమ్మాయి మీద అరవలేదు. పువ్వు మాత్రం చేతిలో నలిగిపోయింది.

"ఈ పరిస్థితిలో మొక్కలేంటి నీకు" అన్నవాళ్ళున్నారు, వాళ్ళ ధోరణి నాకు అర్థమైంది, మొగుడికి జబ్బు చేస్తే పెళ్ళాం కూడా జబ్బు మొహం పెట్టుకుని కూర్చోవాలి. ఇంకో రకం వాళ్ళు "మంచిదమ్మా, స్ట్రెస్ తగ్గుతుంది, నువ్వు బావుంటేనే కదా ఆయన్ని చూసుకోగలవు" అంటారు. ఇది ఇంకా చిరాకు. అంటే నా సరదా కూడా ఆయన ట్రీట్‌మెంట్‌లో భాగమన్నమాట, మాత్రల చీటీలో కింద రాసినట్టు. పిండినల్లి పట్టిన మందారాన్ని వేపనూనెతో తుడుస్తుంటే నాకు స్ట్రెస్ తగ్గదు, ఒళ్ళు మండుతుంది. అయినా చేస్తాను, ఇష్టం కాబట్టి. ఆయన చెస్ ఆడుకుంటారు, మెషిన్ మీద ఉన్నంతసేపూ కుడిచేత్తో ఫోన్‌లో. ఎవరో ఊరూ పేరూ తెలియని కుర్రాడి చేతిలో ఓడిపోయి ఇంటికొచ్చాక కూడా సణుగుతుంటారు. ఆ సణుగుడు వినిపించిన రోజు నాకు నిశ్చింత, ఒంట్లో బాగానే ఉందన్నమాట.

పిల్లల దగ్గర కొంచెం జాగ్రత్త పడాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఒకరోజు అన్నం ముందు లేచిపోయింది, "ఎప్పుడూ హెచ్‌బీ ఎంత, బరువెంత ఇవేనా, నా సైన్స్ ఫెయిర్ గురించి ఎవరైనా అడిగారా" అంటూ. ఆ రాత్రి నుంచి భోజనాల దగ్గర రిపోర్టుల మాట బంద్. ఎవరు ఎత్తితే ఆ పూట గిన్నెలు తోమాల్సింది వాళ్ళే. ఇప్పటిదాకా ఎక్కువ తోమింది మా అత్తయ్యగారే. అబ్బాయి ఇంటర్ రెండో ఏడు, డయాలసిస్‌కి నేను తీసుకెళ్తానంటాడు. వద్దన్నాను. సెలవుల్లో వెళ్ళనీ, మార్చిలో పరీక్షలు పెట్టుకుని కాదు. బుధవారాలు మా మరిది చూసుకుంటాడు. "ఏదైనా అవసరమైతే చెప్పు వదినా" అని ఊరుకుంటుంటే, "అయితే బుధవారం నీది" అన్నాను, అంతే. ఊరికే అడిగేవాళ్ళకి ఏదో ఒక పని ఖాయంగా అప్పజెప్పాలి, లేకపోతే ఆ మాట గాలికి పోతుంది. కింద వాటాలో పిన్నిగారికి మేము ఊళ్ళో లేనప్పుడు మొక్కలకి నీళ్ళు పోసే పని అప్పజెప్పాను. దొండకాయలు కోసుకునే హక్కు ఆవిడదే.

ఊరు అంటే, వచ్చే నెల రాజమండ్రిలో మా అక్క కూతురి పెళ్ళి. డయాలసిస్ వాళ్ళు ఊళ్ళు తిరగలేరు అనుకుంటారు గానీ, అక్కడి సెంటర్‌లో ముందుగా అడిగి పెట్టుకుంటే చేస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ రిపోర్టులు కొత్తవి కావాలంటారు, వాటితో పాటు ఇక్కడి డాక్టరుగారి చీటీ, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), ఏ సైజు సూది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంత ఇస్తున్నారు, అన్నీ రాయించుకోవాలి. అవన్నీ ఫైల్లో పెట్టేశాను, శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టు ఇచ్చారు, పెళ్ళి శనివారం రాత్రి. ఆయన అప్పుడే బేరం మొదలెట్టారు, భోజనాల దగ్గర తనని తన మానాన వదిలెయ్యాలట, పనసపొట్టు కూర దగ్గర నేను కాపలా కాస్తానని భయం. కాస్తాను కూడా. ఒక్క గరిటె వేయిస్తాను, రెండోసారి వడ్డించేవాడు వస్తే నా కంచం ముందుకు జరుపుతాను.