స్మాష్ కొట్టే భుజానికి కావాల్సింది బ్రేకులు

బంతి విసిరేవాళ్లు, సర్వ్, స్మాష్ కొట్టేవాళ్లు భుజం నొప్పి రాగానే రెండు వారాలు ఆట మానేస్తారు. నొప్పి పోతుంది. మళ్లీ దిగిన రోజే పూర్తి బలంతో కొడతారు, వారం తిరక్కుండా కథ మొదటికొస్తుంది. విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుందే గానీ కండరానికి బలం ఇవ్వదు.

భుజం కీలు గుంట లోతు తక్కువ. చేతి ఎముక తలను దాని మధ్యలో పట్టి ఉంచేది రొటేటర్ కఫ్‌లోని నాలుగు కండరాలు. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ చెయ్యి లోపలికి తిరిగే వేగం సెకనుకు 7000 డిగ్రీల దాకా ఉంటుంది. బంతి వదిలాక ఆ వేగాన్ని ఆపే భారం ప్రధానంగా ఆ నాలుగింటిలో వెనకవైపున్న ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరెస్ మైనర్‌ల మీద పడుతుంది. ఛాతీ బలానికి చేసే బెంచ్ ప్రెస్‌లో బరువు పెంచుకుంటూ వీటిని గాలికొదిలేస్తే, ఇంజను మార్చి పాత బ్రేకులతో బండి నడిపినట్టే.

ముందు కొలవండి. వెల్లకిలా పడుకుని, చేతిని భుజం ఎత్తులో పక్కకు చాపి, మోచేతిని 90 డిగ్రీలు వంచాలి. భుజం ముందుభాగం పైకి లేవకుండా ఇంకొకరు నొక్కిపట్టాలి. ముంజేయి లోపలికి (పాదాల వైపు) ఎంత, బయటికి (తల వైపు) ఎంత తిరుగుతుందో ఫోన్‌లోని యాంగిల్ యాప్‌తో రెండు చేతులకూ చూడండి. ఆడే చెయ్యి బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ తిరగడం మామూలే; చిన్నప్పటి నుంచి ఆడినవాళ్లలో ఎముకే అలా తిరిగి ఉంటుంది. చూడాల్సింది రెండూ కలిపిన మొత్తం. అది రెండో చేతికంటే 5 డిగ్రీలకు మించి తగ్గితేనే స్ట్రెచింగ్ అవసరం. సమానంగా ఉన్నా రోజూ సాగదీసేవాళ్లు కనిపిస్తారు, అది వృథా.

సాగదీయాలంటే నొప్పి ఉన్న వైపుకే పడుకుని, రెక్క ఎముక కదలకుండా ఒత్తిపెట్టి, మోచేతిని రెండో చేత్తో ఛాతీ మీదుగా లాగండి. 30 సెకన్లు, మూడు నాలుగుసార్లు. లాగినట్టు భుజం వెనక అనిపించాలి. ముందు గుచ్చుకుంటే ఒళ్లు కాస్త వెనక్కి వాల్చండి, అయినా తగ్గకపోతే మానేయండి.

బలానికి ముఖ్యమైన వ్యాయామం ఇది: బాగున్న వైపుకు పడుకుని, పై మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన టవల్ పెట్టి, ఒక కిలో డంబెల్‌తో ముంజేతిని పైకి తిప్పడం. 15 చొప్పున మూడు సెట్లు. దించేటప్పుడు మూడు సెకన్లు పట్టాలి, బ్రేకు పని నేర్పేది ఆ దించడమే. చాలామంది ఇక్కడే తొందరపడి బరువు పెంచుతారు. అప్పుడు మణికట్టు వెనక్కి విరుగుతుంది, నడుము దొర్లుతుంది, పని భుజం పైనుండే పెద్ద కండరం డెల్టాయిడ్ లాక్కుంటుంది. ఇలా జరిగితే అరకిలోకి దిగండి. రెక్క ఎముక కోసం పుష్-అప్ చివర్లో వీపును ఇంకాస్త పైకి నెట్టడం, బోర్లా పడుకుని చేతులు వై ఆకారంలో ఎత్తడం చాలు.

ఎంఆర్ఐలో లేబ్రం (కీలు గుంట అంచు చుట్టూ ఉండే మెత్తటి వలయం) చిరుగు కనపడగానే సర్జరీ అనుకోవద్దు. నొప్పి లేని ఆటగాళ్లలోనూ అవి కనిపిస్తాయి. పడ్డాక చెయ్యి ఎత్తలేకపోయినా, కీలు జారినా, తిమ్మిరి ఎక్కినా మాత్రం వెంటనే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఆటలోకి రోజు విడిచి రోజు, సగం బలంతో రండి. బ్యాడ్మింటన్‌లో మెల్లగా వేసే డ్రాప్, తర్వాత వెనకదాకా ఎత్తి కొట్టే క్లియర్, స్మాష్ చిట్టచివర. ఒక వారంలో షాట్ల సంఖ్యో వేగమో ఏదో ఒకటే పెంచాలి. మర్నాడు పొద్దున కూడా నొప్పి ఉంటే ఒక మెట్టు దిగి, అక్కడ రెండుసార్లు నొప్పి లేకుండా ఆడాకే పైకి వెళ్లండి.