మాలిబుకి కొత్త టార్క్ కన్వర్టర్: మూడో టక్ కోసం ఇరవై నిమిషాలు

డల్లాస్‌లో మా గ్యారేజీలో ఉన్నది 1970 షెవెల్ మాలిబు. ఎస్‌ఎస్ అనే స్పోర్ట్స్ రకం కాదు, మామూలు 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పేరులో టర్బో ఉన్నా టర్బోచార్జర్‌తో సంబంధం లేదు, అది టర్బో హైడ్రామాటిక్‌కి ముద్దుపేరు.

రెడ్ లైట్ దగ్గర డ్రైవ్‌లో ఆగితే ఇంజిన్ 850 ఆర్‌పీఎం నుంచి 550కి పడిపోయేది. స్టీరింగ్ వణికేది, బ్రేకు గట్టిగా తొక్కి ఉంచకపోతే బండి ముందుకు పాకేది. కార్బ్యురేటర్‌ని రెండుసార్లు సర్ది చూశాను. పాపం, తప్పు దానిది కాదు. పాత యజమాని ఇంజిన్ వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ పెద్దది వేయించి, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ మాత్రం పాతదే ఉంచేశాడు. ఆ క్యామ్‌కి కింది ఆర్‌పీఎంలో బలం తక్కువ, ఈ కన్వర్టరేమో అక్కడే గట్టిగా పట్టేస్తుంది.

మొదట నా కన్ను 3000 స్టాల్ కన్వర్టర్ మీద పడింది. స్టాల్ అంటే బండి కదలకుండా ఆపి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ చేరగల ఆర్‌పీఎం. ఎగిరి దూకుతుందని ఆశ! కొనేముందు, హైవే మీద ఇంజిన్ ఎంత ఆర్‌పీఎంలో తిరుగుతుందో లెక్క వేశాను. వెనక రెండు చక్రాలూ లేపి, ఒకదాన్ని కదలకుండా పట్టి, రెండోదాన్ని రెండు చుట్లు తిప్పాను. సుద్దముక్కతో గుర్తు పెట్టిన డ్రైవ్‌షాఫ్ట్ మూడు చుట్లు దాటి ఇంకో మూడోవంతుకి పైగా తిరిగింది. అంటే యాక్సిల్ రేషియో 3.36. గంటకి మైళ్లలో వేగాన్ని యాక్సిల్ రేషియోతో, తర్వాత 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 65 మైళ్లకి, 26 అంగుళాల టైరుతో సుమారు 2820. జారుడు లేకుండా కన్వర్టర్‌ని ఇంజిన్‌తో కలిపి బిగించే లాకప్ మా టర్బో 350లో లేదు. హైవే మీద ఇంజిన్ 2800లో తిరుగుతుంటే 3000 స్టాల్ కన్వర్టర్ జారుడు ఎక్కువై ఆయిల్‌ని వేడెక్కిస్తుంది. అందుకే 2400కి దిగాను. పెట్టె మీది అంకె కూడా ఖాయం కాదు, అదే కన్వర్టర్‌ని టార్క్ ఎక్కువున్న బిగ్ బ్లాక్ (ఇంకా పెద్ద వీ8) వెనక పెడితే స్టాల్ పెరుగుతుంది. బండి బరువు, క్యామ్ డ్యూరేషన్ (వాల్వుల్ని ఎంతసేపు తెరిచి ఉంచుతుందో), యాక్సిల్, టైరు సైజు అడగకుండా "ఇదే తీసుకోండి సార్" అనే చోట నేనైతే కొనను.

అడిగిన చోటే కొన్నా మొదటి పార్సిల్ తప్పొచ్చింది. లోపల స్ప్లైన్లు (షాఫ్ట్ పట్టుకునే గాడి పళ్లు) లెక్కపెడితే 24, అది టర్బో 400 అనే వేరే గేర్‌బాక్స్‌ది. మనకి 30 ఉండాలి. వాపసు, మళ్లీ తొమ్మిది రోజులు. ఇంజిన్ వెనక కన్వర్టర్‌ని బిగించే ఫ్లెక్స్‌ప్లేట్ గొడవ మాత్రం తప్పింది, 10.75, 11.5 అంగుళాల రెండు వరసల బోల్టు రంధ్రాలూ దానికి ఉన్నాయి.

శనివారం బిగింపు. కన్వర్టర్‌లో లీటరు దాకా ఆయిల్ పోసి, మధ్యలోని హబ్‌కి కాస్త రాసి, తిప్పుతూ గేర్‌బాక్స్ లోపలికి నెట్టాలి. సాయానికి వచ్చిన బావమరిది మొదటి చప్పుడుకే, "టక్ మంది బావా, అయిపోయినట్టేనా?" అన్నాడు.

"ఇంకా రెండున్నాయిరా."

కన్వర్టర్ గేర్‌బాక్స్‌లో మూడు భాగాల మీద కూర్చోవాలి, ఒక్కోదానికి ఒక్కో టక్: ఇన్‌పుట్ షాఫ్ట్‌కి ఒకటి, స్టేటర్ సపోర్ట్‌కి ఒకటి, ఆయిల్ పంప్‌కి ఒకటి. మూడోది ఇరవై నిమిషాలు మొండికేసింది. ఇక్కడే చాలామంది విసిగిపోయి, బోల్టులు బిగిస్తే అదే కూర్చుంటుందిలే అనుకుంటారు. కూర్చోదు, పంప్ పగులుతుంది. బరువు ఒక చేత్తో ఆపుకుంటూ, రెండో చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే చివరికి మెత్తగా లోపలికి జారింది. అది చెవికంటే చేతికే ముందు తెలిసింది.

గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి ఆనించి బిగించాక కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరిగింది. ఫ్లెక్స్‌ప్లేట్‌కీ దానికీ మధ్య సందు అంగుళంలో 1/8 నుంచి 3/16 దాకా ఉండాలి. డ్రిల్ బిట్లే మా గేజ్. 5/32 బిట్ సరిగ్గా దూరింది, 3/16 దూరలేదు. రేడియేటర్ ముందు గేర్‌బాక్స్ ఆయిల్‌కి కూలర్ కూడా పెట్టాను. టెక్సస్ ఎండకి అది లేకపోతే నాకు టెన్షనే.

ఆదివారం నడిపాను. సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో ఇప్పుడు 720, వణుకు లేదు. బ్రేకు తొక్కి స్టాల్ చూద్దామంటే 2100 దగ్గరే వెనక చక్రాలు తిరగబోయాయి, వెంటనే కాలు తీసేశాను. ఆ పరీక్ష ఐదు సెకన్లకి మించి చేయకూడదు. హైవే మీద అరగంట తర్వాత గేర్‌బాక్స్ ప్యాన్‌లో ఆయిల్ 175 ఫారెన్‌హీట్. దూకుడు 3000 అంత ఉండకపోవచ్చు, నాకు చాలు.

పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కింది గేర్‌కి దించే కిక్‌డౌన్ కేబుల్ ఇంకా కుదరలేదు, పెడల్ నేలకి తొక్కినా సెకండ్ గేర్‌కి దిగట్లేదు. వచ్చే శనివారం దాని పని.