లోడు దించే ముందు ఒక గుప్పెడు

టిప్పర్ వెనక్కి వచ్చి, తొట్టి మెల్లగా లేచి, మట్టి జారిన ఆ చప్పుడు వినగానే నాకెంత సంబరంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఇల్లు కట్టడం అయిపోయింది. పెరట్లో 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున ఖాళీ జాగా మిగిలింది. పచ్చిక వేసుకోవాలి, పక్కన రెండు మడులు కట్టుకోవాలి అని కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచీ అనుకుంటున్నాను. కళ్లముందు నల్లగా, చెమ్మగా కుప్పపోసిన మట్టి చూసి ఇక సగం పని అయిపోయినట్టే అనుకున్నాను.

మూడో రోజుకి కుప్ప పైన ఆరింది. ఆరిన చోటల్లా నలుపు పోయి పాలిపోయిన పసుపు రంగు తేలింది. పెళ్లలు పెళ్లలుగా విడిపోయింది. నాన్న ఒక పెళ్ల తీసుకుని రెండు చేతులతో నొక్కారు, విరగలేదు. పారతో ఒక్కటిస్తే చీలింది. లోపల నున్నగా, సబ్బు ముక్క కోసినట్టుంది. ఒక్క వేరు పోగు లేదు, ఒక్క ఆకు ముక్క లేదు. "ఇది పైమట్టి కాదమ్మా, ఎక్కడో పునాది గొయ్యిలో అడుగు నుంచి తీసింది" అన్నారు.

తడిసిన మట్టి ఏదైనా అసలు రంగు కంటే ముదురుగా కనిపిస్తుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. రంగు చూసి కొనాలంటే ఆరిన మట్టినే చూడాలి.

కానీ అప్పటికే సగం పరిచేశాం. మళ్లీ ఎత్తించే ఓపిక లేక మిగతాదీ పరిచి విత్తనం చల్లాం. గడ్డి మొలిచింది కూడా. ఒక గట్టి వాన పడ్డాక రెండు రోజుల పాటు నీళ్లు అలాగే నిలిచాయి. వారం తిరిగేసరికి మధ్యలో పచ్చిక పసుపెక్కింది. అప్పుడు పార నిట్టనిలువుగా దింపి ఒక ముక్క పైకి లేపి చూశాను. పైన ఐదంగుళాల కొత్త మట్టి. దాని కింద, కత్తితో గీసినట్టు ఒక గీత. గీత కింద కట్టడం పనుల్లో లారీలూ మనుషులూ తొక్కి తొక్కి గట్టిపడిన పాత నేల. గడ్డి వేళ్లు ఆ గీత దాకా వచ్చి, అక్కడి నుంచి పక్కకి తిరిగి, చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. ఒక్క వేరు కూడా కిందికి దిగలేదు. గీత మీద మట్టిని వేలితో నొక్కితే నీళ్లు ఊరాయి.

తప్పు మట్టిది మాత్రమే కాదు. పాత నేలను కదపకుండా దాని మీద కొత్త మట్టి పరవడం నా తప్పు. కింద నేల గట్టిగా ఉంటే నీళ్లు దిగవు, అది అందరికీ అర్థమయ్యేదే. కింద ఇసుకో కంకరో ఉన్నా ఇదే ఇబ్బంది వస్తుంది. పైన సన్నటి మట్టి, కింద ముతకది ఉన్నప్పుడు, పై పొర దాదాపు పూర్తిగా నానేదాకా నీరు కింది పొరలోకి జారదు. అందుకే మడి అడుగున కంకర పోస్తే నీళ్లు బాగా దిగిపోతాయన్న మాట నిజం కాదు. ఎక్కడ రెండు మట్టులు తేడాగా కలుస్తాయో అక్కడ నీరు ఆగుతుంది. ఆ గీతను చెరిపేయడమే మట్టి పరిచేటప్పుడు చేయాల్సిన అసలు పని.

ఆ చెడ్డ మట్టిని కొంత తీసి పెరటి చివర పల్లంలో పోశాం. బంకగా ఉంది కదా, కాస్త ఇసుక కలపండి అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. బంకమట్టిలో కొంచెం ఇసుక కలిస్తే ఆరినప్పుడు ఇటుకలా తయారవుతుంది. నిజంగా తేడా రావాలంటే మట్టిలో సగానికి పైగా ఇసుకే అవ్వాలి, అది అయ్యే పని కాదు. బంకమట్టిని గుల్ల చేసేది కంపోస్ట్, బాగా మాగిన పశువుల ఎరువు. మిగిలిన మట్టిలో మేం కంపోస్టే కలిపాం.

రెండోసారి లోడు చెప్పే ముందు నేనే కుప్ప దగ్గరికి వెళ్లాను. ఎక్కడ తవ్వారు, ఎంత లోతు నుంచి తీశారు, కుప్పపోసి ఎన్నాళ్లయింది అని అడిగాను. పైమట్టి అంటే నేల మీద మహా అయితే ఆరు నుంచి పది అంగుళాల పొర. ఆకులు, వేళ్లు, వానపాములు, కంటికి కనిపించని కోటానుకోట్ల జీవాలు కలిసి తయారుచేసిన పొర అది. ఒక్క అంగుళం ఏర్పడడానికి వందల ఏళ్లు పడుతుంది. ఎక్కడి నుంచి తెచ్చారు అని అడగడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. నా పెరట్లో పచ్చిక కోసం ఎవరిదో పంట పండే నేల పైపొర గీకేస్తే, ఆ నేల మళ్లీ కోలుకోవడానికి మన ఆయుష్షు చాలదు. ఆ మట్టి ఎంత బాగున్నా నాకు వద్దు. భవనాలు కట్టే చోట పునాదులకు ముందు పైపొర తీసి పక్కన పెడతారు. ఎటూ ఆ మట్టి కాంక్రీటు కింద పోవాల్సిందే. అలాంటిది దొరికేదాకా రెండు నెలలు ఆగాను.

కుప్ప పైన మట్టి తీసి చూడకండి, మోచేతి దాకా లోపలికి పెట్టి తీయండి. ఎత్తుగా పోసిన కుప్ప మధ్యలో గాలి ఆడక మట్టి పులుస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అలాంటిది పల్చగా పరిచి కొన్నాళ్లు గాలి తగలనిస్తే తేరుకుంటుంది కానీ, తెచ్చిన వెంటనే విత్తనం వేయడానికి పనికిరాదు. మంచి మట్టికి తొలకరి వాసనే ఉంటుంది. తర్వాత ఒక గుప్పెడు తడిపి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్ లాగా పైకి తోయాలి. అంగుళం రాకముందే తెగితే గుల్ల మట్టి. రెండంగుళాలు దాటినా తెగకపోతే బంక. నా మొదటి లోడు మట్టిని ఇలా చూస్తే మూడంగుళాల రిబ్బన్ వేలాడింది.

ఒక సంచిలో ఇంటికి తెచ్చుకుని సీసా పరీక్ష కూడా చేశాను. నిటారుగా ఉండే గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు. ఐదు నిమిషాలు గట్టిగా కుదిపి కిటికీ గట్టు మీద పెట్టాలి, ఇక కదపకూడదు. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక, అక్కడ పెన్నుతో గీత పెట్టాను. రెండు గంటలకి దాని మీద ఒండ్రు, అంటే ఇసుక కంటే సన్నటి, బంక కంటే ముతక రేణువులు, పేరింది, అక్కడ రెండో గీత. బంక మాత్రం మర్నాటికి కానీ దిగలేదు. మొదటి లోడు మట్టిని కూడా పక్కన ఇంకో సీసాలో పెట్టాను. అందులో నాలుగంగుళాల మట్టి దిగితే రెండంగుళాలకు పైగా బంకే, నీళ్లు నాలుగు రోజులైనా తేటపడలేదు. కొత్త దాంట్లో ఇసుక, ఒండ్రు చెరో అంగుళంన్నర దాకా ఉన్నాయి, బంక ముప్పావు అంగుళం. పైన నల్లటి నలుసులు తేలుతున్నాయి, అవి కుళ్లిన ఆకుల తునకలు. ఆ సీసాలు రెండూ పక్కపక్కన చూసినప్పుడు, ఈ పని మొదటే చేసి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేది కదా అనిపించింది.

చివరి పరీక్ష చిక్కుడు గింజలతో. కొత్త మట్టి ఒక కుండీలో, మనకు తెలిసిన మంచి మట్టి ఇంకో కుండీలో పోసి, రెండింట్లోనూ నాలుగేసి గింజలు పెట్టాలి. మూడు వారాలు చూడాలి. మట్టిలోనో, దాంట్లో కలిపిన ఎరువులోనో కలుపు మందు అవశేషాలు ఉంటే కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుని మెలితిరుగుతాయి. చిక్కుడు జాతి మొక్కలు దీన్ని చాలా త్వరగా బయటపెడతాయి. నా కుండీలో చిక్కుడు చక్కగా వచ్చింది. దాంతోపాటు రెండు తుంగ మొక్కలూ లేచాయి. తుంగ గడ్డలు మట్టితో పాటు వస్తే ఏళ్ల తరబడి వదలవు. కాబట్టి ఏం వస్తోందో ముందే తెలిసి తీసుకున్నాను.

ఇక లెక్క. పొడవు, వెడల్పు, లోతు మూడూ అడుగుల్లోకి మార్చి గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నా పచ్చిక జాగా 300 చదరపు అడుగులు, ఐదంగుళాల మందం, అంటే 125 ఘనపుటడుగులు. వదులుగా పోసిన మట్టి తడిసి కుంగుతుంది కాబట్టి ఇంకో 20 శాతం కలుపుకుంటే 150. మీటర్లలో నాలుగు ఘనపు మీటర్ల పైచిలుకు. ఘనపు మీటరు మట్టి పొడిగా ఉన్నా 1,200, 1,300 కిలోలు తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. అంటే నా పెరట్లోకి ఐదు టన్నులకు పైగా మోయాలి. చక్రాల బండికి రెండున్నర ఘనపుటడుగుల చొప్పున 60 తడవలు. ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది. లోడు వచ్చాక నడుం పట్టుకుని కూర్చునే బదులు ముందురోజే ఇద్దరిని సాయం పిలుచుకోవచ్చు. కుప్ప ఎక్కడ పోయించాలో కూడా ముందే చూసుకోండి. చెట్టు మొదట్లో అసలు వద్దు. మట్టి పోసే చోట ముందు ఒక టార్పాలిన్ పరిస్తే చివరి బండెడు కూడా నేలపాలు కాదు. వాన వచ్చేలా ఉంటే పైన ఇంకోటి కప్పాలి.

మట్టి పదును మీద ఉన్నప్పుడే పరవాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే ఆ ముద్ద పొడిపొడిగా విడిపోవాలి. విడిపోకుండా వేలిముద్ర పడితే ఇంకా తడి ఎక్కువ ఉన్నట్టు. తడి మట్టిని తొక్కితే లోపలి గాలి సందులన్నీ మూసుకుపోతాయి, అవి మళ్లీ తెరుచుకోవడానికి చాలాకాలం పడుతుంది. లోడు వచ్చిన రోజు మేం పని మొదలుపెట్టలేదు. రెండు రోజులు ఆగాం, నాకు ప్రాణం ఉసూరుమన్నా ఆగాం.

ఆలోగా పాత నేలను పలుగుతో ఎనిమిదంగుళాల లోతున తిరగేశాం. సిమెంటు పెళ్లలు, సున్నం ముక్కలు ఏరేశాం. అవి ఉన్న చోట మట్టిలో క్షారం పెరిగి ఆకులు పాలిపోతాయి. ఆ తర్వాత కొత్త మట్టి మొత్తం ఒకేసారి పోయలేదు. ముందు రెండంగుళాలే పరిచి, దాన్ని కింది నేలలో కలిసిపోయేలా పలుగుతో కలిపాం. రెండు మట్టుల రంగూ చారలు చారలుగా కలిసి, ఎక్కడ ఏది మొదలైందో తెలియకుండా పోవాలి. ఆ పైన మిగతా మూడంగుళాలు పరిచి దంతెతో సమం చేశాం. గోడ వైపు నుంచి బయటికి వాలు పెట్టాం, పదడుగులకు రెండున్నర అంగుళాలు. నేల చెమ్మ పైకి ఎక్కకుండా ఇంటి గోడ అడుగు భాగంలో ఒక అడ్డుపొర వేస్తారు కదా, మట్టి దానికంటే ఆరంగుళాలు కిందే ఉండాలి. లేకపోతే చెమ్మ గోడకెక్కుతుంది. మూలన ఉన్న వేపచెట్టు చుట్టూ ఒక్క తట్ట కూడా వేయనివ్వలేదు. వేళ్లకు గాలి కావాలి, బెరడు మీద మట్టి ఆనితే అక్కడ కుళ్లు పట్టుకుంటుంది.

విత్తనానికి ఇంకో మూడు వారాలు ఆగాం. రోజూ పల్చగా తడిపితే కలుపు గింజలన్నీ మొలిచాయి. పారతో పైపైన గీకి తీసేశాం. లోతుగా తవ్వితే కింద నిద్రపోతున్న గింజలు పైకొస్తాయి. మళ్లీ తడిపాం, మళ్లీ గీకాం. రెండోసారికి నాలుగో వంతు కూడా మొలవలేదు. తుంగను మాత్రం గీకకుండా గడ్డతో సహా ఒక్కొక్కటీ తవ్వి తీశాం.

మడుల సంగతి తేలిక. ఎనిమిదడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, పదంగుళాల ఎత్తు, రెండు మడులకు కలిపి 53 ఘనపుటడుగులు. అందులో రెండు వంతులు మట్టి, ఒక వంతు కంపోస్ట్. పచ్చికకి ఒట్టి పైమట్టి సరిపోతుంది కానీ, మడిలో అది ఒక్కటే పోస్తే నాలుగు తడుపులకు అణిగిపోతుంది. ఇప్పటికి మడులు అంగుళంన్నర కుంగాయి, ఆ మేరకు మళ్లీ కంపోస్ట్ వేశాను.

మొదటి ఏడాది పచ్చికలో అక్కడక్కడా గుంటలు పడ్డాయి. మిగిలిన మట్టిని జల్లెడ పట్టి అర అంగుళం చొప్పున చల్లుతున్నాను, గడ్డి కొసలు పైకి కనిపించేలా. గడ్డి పూర్తిగా మునిగితే చచ్చిపోతుంది. అది పైకి లేచాక మళ్లీ అర అంగుళం.

నిన్న మళ్లీ పార దింపి ఒక ముక్క లేపాను, పోయినసారి తీసిన చోటికి దగ్గరలోనే. గీత లేదు. తెల్లటి వేళ్లు ఏడంగుళాలు దాటి దిగాయి, పాత నేల అని నేను గుర్తుపట్టగలిగిన ఎర్రటి గడ్డ మధ్యలోంచి ఒక వేరు దూసుకుపోయింది. గేటు పక్కన కూడా చూశాను. ఆ రోజు చీకటి పడిపోయిందని అక్కడ ఒక నాలుగడుగుల మేర తవ్వకుండానే మట్టి పరిచాం. అక్కడ గీత అలాగే ఉంది, వేళ్లు పక్కకే తిరిగి ఉన్నాయి. ఈ వారం వానలు తగ్గి నేల పదునుకొస్తే ఆ ముక్క తిరగేయాలి. నాన్న పలుగు బయటికి తీసి పెట్టారు.