పిన్ని రాసిన చీటీ

నంద్యాల నుంచి రాత్రంతా కూర్చుని విజయవాడలో దిగేసరికి ఒళ్లు హూనమైంది. బస్టాండు నుంచి సత్యనారాయణపురానికి ఆటోకు 150 అడిగారు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. దుర్గమ్మ కొండ కూడా ఎక్కలేదు. నేను వచ్చింది పిన్ని కోసం. గురువుగారి తీర్థం ఉండగా మందులెందుకని ఆమె రెండు నెలలుగా షుగర్ మాత్రలు మానేసింది. "బాగానే ఉన్నానురా" అంటుంది. షుగర్ పెరిగినా చాలా రోజులు అలాగే అనిపిస్తుంది, లోపల కళ్లూ కిడ్నీలూ దెబ్బతింటూ ఉంటాయి. నా టెన్షనంతా అదే. గట్టిగా అడిగితే "సంశయాత్మా వినశ్యతి" అంది, అంటే సందేహించేవాడు నాశనమైపోతాడని. సేవకులు నేర్పిన మాట.

ఆదివారం సత్సంగం గుంటూరులో. వెంట వెళ్లాను. బస్సు కిటకిటలాడుతోంది. వారధి దాటాక పిన్నికి సీటు దొరికింది, వెనక సీట్లో వాళ్ల సత్సంగం మాస్టారు. ఇరవై ఏళ్ల శిష్యుడట. తిడతాడేమో అనుకుంటూనే మాత్రల సంగతి ఆయన ముందు పెట్టేశాను.

"అమ్మా, మీరన్నది గీతలో నాలుగో అధ్యాయం, 40వ శ్లోకం. దానికి ఆరు శ్లోకాల ముందు ఏముందో ఎవరూ చెప్పలేదా? 'తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా.' గురువుకు దండం పెట్టమన్నాడు, సేవ చెయ్యమన్నాడు, ఆ రెండింటి మధ్యా ప్రశ్నించమన్నాడు. చివరికి పద్దెనిమిదో అధ్యాయంలో కూడా, ఇదంతా బాగా ఆలోచించుకుని నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యమనే అర్జునుడితో అన్నాడు. నేను బీపీ మాత్ర ఒక్క పూట మానలేదు. మానమని గురువుగారు అనగా వినలేదు. చుట్టూ ఉన్నవాళ్లు అనగా విన్నాను."

పానకాలస్వామి కొండ కనబడితే చేతులు జోడించకుండా ఉండదు పిన్ని. ఆ రోజు మంగళగిరి దాటిపోయినా గమనించలేదు.

నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. హరికథ మధ్యలో దాసుగారిని ఆపి, సీత నిప్పుల్లోకి నడుస్తుంటే రాముడెలా చూస్తూ ఊరుకున్నాడని అడిగేది. ఆయన చిడతలు పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పేవాడు. తృప్తి కలక్కపోతే మళ్లీ అడిగేది. ఊళ్లో ఆమెను భక్తి లేనిదని ఎవరూ అనలేదు. ఆ అమ్మమ్మ కూతురు పిన్ని.

సత్సంగంలో భజన బాగుంది, పులిహోర ఇంకా బాగుంది. ప్రశ్నల చీటీలు తీసుకునేటప్పుడు పిన్ని నా పెన్ను అడిగింది. "మాత్రలు మానమన్నది తమరేనా స్వామీ?" అని రాసింది. సేవకుడు చదివి, మడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "గురువుగారిని ఇలాంటివి అడగకూడదమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. పిన్ని నా చెయ్యి నొక్కి ఆపింది.

తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. తాడేపల్లి దగ్గర మాత్రం, "అడగకూడదటరా" అంది. కాసేపాగి మళ్లీ అదే అంది. రాత్రి అన్నానికి ముందు బీరువాలోంచి మాత్రల డబ్బా తీసి, వాటి మీద తేదీ చూడమని నాకిచ్చింది. చీటీ పారెయ్యలేదు. వచ్చే ఆదివారం మాస్టారి చేత ఇప్పిస్తానంటోంది.