మా ఇంటి మైళ్ల ఖాతా

మా గచ్చిబౌలి ఆఫీసులో విమాన మైళ్ల (విమాన సంస్థలు మన ఖాతాలో జమచేసే, తర్వాత టికెట్లకు వాడుకోగల పాయింట్ల) ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ మొదట అడిగేది, వీటితో ఎంత డబ్బు మిగులుతుందని. అడగవలసిన ప్రశ్నే కాని, దాని దగ్గరే ఆగిపోతే ఈ మైళ్ల అసలు ప్రయోజనం కనబడదు. ఇంట్లో అందరి మైళ్ల ఖాతాలూ చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. ఆ అనుభవంతో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, మామూలు రోజుల్లో మైళ్లు ఒక రాయితీ మాత్రమే. పెద్దవాళ్లను దూరదేశం పంపవలసి వచ్చినప్పుడు, ఎవరైనా ఉన్నపళంగా బయలుదేరవలసి వచ్చినప్పుడు మాత్రం వాటి మేలు ఇంతా అంతా కాదు. చేతిలో డబ్బున్నా ఖర్చు పెట్టడానికి మనసొప్పని చోట అవి ఆదుకుంటాయి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. మా మల్కాజిగిరి వీధిలో అమెరికాలోనో లండన్‌లోనో పిల్లలు లేని ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కూతురి పురుడుకని తల్లి, కొడుకు పట్టా పుచ్చుకుంటున్నాడని తండ్రి, మనవడి అక్షరాభ్యాసానికని ఇద్దరూ శంషాబాద్ నుంచి బయలుదేరుతూనే ఉంటారు. దోహా, దుబాయ్, అబుదాబి, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్‌లలో ఎక్కడో ఒకచోట దిగి, మరో విమానం ఎక్కి, ఇల్లు విడిచాక ఒక రోజు గడిస్తే గాని గమ్యం చేరని ప్రయాణం అది. అరవై దాటిన మోకాళ్లతో అంతసేపు ఇరుకు సీటులో కూర్చోవడం ఎంత కష్టమో వెళ్లివచ్చిన పెద్దవాళ్లు మనకు చెప్పరు. పిల్లలు నొచ్చుకుంటారని లోపలే దాచుకుంటారు.

విమాన సంస్థలు ఈ మైళ్లను ఊరికే ఇవ్వడం లేదు. 1978లో అమెరికా చట్టం చేసి విమాన ఛార్జీల మీద, మార్గాల మీద ప్రభుత్వ నియంత్రణను తొలగించడానికి పూనుకున్నాక సంస్థల మధ్య పోటీ పెరిగి, వచ్చిన ప్రయాణికుణ్ణి నిలుపుకోవడం కష్టమైంది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ‘అడ్వాంటేజ్’ పథకాన్ని ప్రారంభించింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ ‘మైలేజ్ ప్లస్’తో ముందుకు వచ్చింది. తరచుగా తిరిగేవారెవరో తెలుసుకోవడానికి అమెరికన్ వారు తమ సేబర్ రిజర్వేషన్ వ్యవస్థలో పదే పదే కనిపించే ఫోన్ నంబర్లను వెతికించారు. 1987లో సిటీబ్యాంకుతో కలిసి క్రెడిట్ కార్డు తెచ్చాక విమానం ఎక్కకుండానే మైళ్లు పోగుచేసుకునే దారి తెరుచుకుంది. అప్పటినుంచి మైళ్లు విమాన సంస్థలు అమ్ముకునే సరుకయ్యాయి. బ్యాంకులు వాటిని టోకున కొని కార్డుదారులకు పంచుతాయి. ఆ సరుకు విలువ ఎంతటిదో 2020లో బయటపడింది. కరోనాతో విమానాలు నేల మీదే నిలిచిపోయిన ఆ ఏడాది యునైటెడ్ తన మైళ్ల పథకాన్ని హామీగా పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా తన స్కైమైల్స్‌ను హామీగా పెట్టి 900 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. అప్పిచ్చేవాళ్లు అంత విలువ కట్టిన వస్తువును, మనకు రావలసిన వాటా మేరకు కూడా అడిగి తీసుకోకపోవడం నాకు ఎంతమాత్రం సబబుగా తోచదు.

మొదట్లో ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు వచ్చేవి. 2015లో డెల్టా, యునైటెడ్, మరుసటి ఏడాది అమెరికన్ ఈ పద్ధతిని మార్చి, టికెట్టుకు పెట్టిన డబ్బును బట్టి మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. దూరాన్నే లెక్కలోకి తీసుకునే చోట కూడా టికెట్టు మీద ఛార్జీ తరగతిని సూచించే అక్షరం ఒకటి ఉంటుంది. అన్నిటికంటే చవక అక్షరానికి మైళ్లలో కొద్ది భాగమే రావచ్చు, కొన్నిసార్లు అసలు రాకపోవచ్చు. కాబట్టి రెండు టికెట్ల మధ్య తేడా స్వల్పమైనప్పుడు ఆ అక్షరాన్ని కూడా చూసి కొనడం మంచిది.

అయితే మన తెలుగువాళ్లకు మైళ్లు చేజారేది ఛార్జీ వల్ల కన్నా పేరు వల్లనే ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టికెట్టు దాని ప్రకారమే తీస్తారు. మైళ్ల ఖాతా తెరిచేటప్పుడు మాత్రం బ్యాంకు పుస్తకంలోనో ఉద్యోగంలోనో అలవాటైన పొడి అక్షరాలతో పేరు రాసేస్తారు. ‘సి.హెచ్.’ అన్నా ‘చెరుకూరి’ అన్నా ఒకే మనిషి అని విమాన సంస్థ కంప్యూటరుకు తెలియదు కాబట్టి, ప్రయాణం పూర్తయినా మైళ్లు జమ కావు. కొందరు పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే వరుసలో ఉంటుంది; అలాంటి వారి టికెట్టులో పేరు రెండుసార్లు అచ్చవుతుంది, లేదా మరో పద్ధతిలో నింపుతారు. మా నాన్నగారిది అలాంటి పాస్‌పోర్టే. టికెట్టులో పేరు ఏ అక్షరాలతో, ఏ వరుసలో ఉంటుందో ఖాతాలోనూ అలాగే ఉండేలా, పాస్‌పోర్టు ప్రతి పంపి సరిచేయించుకోవాలి. ప్రయాణం అయిపోగానే బోర్డింగ్ పాసును చింపి పారేయకూడదు. జమ కాని మైళ్లను అడిగి తీసుకోవడానికి చాలా సంస్థలు ఆరు నెలల గడువు ఇస్తాయి, అప్పుడు అడిగేది ఆ కాగితాన్నే. మా ఇంట్లో ఎవరు ఎక్కడి నుంచి వచ్చినా చెప్పులు విడిచే లోపే బోర్డింగ్ పాసు నా చేతికి ఇస్తారు.

ఎక్కిన ప్రతి విమానానికీ ఒక ఖాతా తెరిస్తే మైళ్లు చిల్లరగా విడిపోయి దేనికీ చాలకుండా పోతాయి. 1997లో ఐదు సంస్థలతో మొదలైన స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఎయిర్ ఇండియా 2014 జూలైలో చేరింది. శంషాబాద్ నుంచి నడిచే సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా, థాయ్ ఎయిర్‌వేస్ కూడా ఆ కూటమిలోవే కాబట్టి, వీటిలో దేనిలో తిరిగినా మైళ్లన్నీ ఒకే ఖాతాలో వేయించుకోవచ్చు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్ కూటమివి. రెండూ ఏవియోస్ అనే ఒకే రకం పాయింట్లు ఇస్తాయి, ఒక ఖాతాలోవి రెండో ఖాతాలోకి మార్చుకోవచ్చు కూడా. ఎమిరేట్స్ ఏ పెద్ద కూటమిలోనూ లేదు గాని, కుటుంబ సభ్యులందరూ సంపాదించిన మైళ్లను ఒకే ఖాతాలో కలిపే వీలు కల్పిస్తుంది. ఏడాదికొకసారి ప్రయాణించే అమ్మానాన్నల ఖాతాల్లో విడివిడిగా పడివుండే మైళ్లకు ఇది చాలా మంచి ఏర్పాటు. కూటమిని ఎంచుకునేటప్పుడు మన ఊరి నుంచి ఆ విమానాలు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో చూడాలి. అమెరికా వ్లాగర్లు పొగిడిన పథకం శంషాబాద్‌లో అక్కరకు రాకపోవచ్చు.

విమానం అరుదుగా ఎక్కేవాళ్లకు మైళ్లు ప్రధానంగా క్రెడిట్ కార్డు మీదుగానే రావాలి. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి జతచేసుకునే వీలు రావడంతో కిరాణా కొట్టులో, మందుల షాపులో క్యూఆర్ కోడ్‌కు చేసే చెల్లింపుల మీద కూడా కొన్ని కార్డులు పాయింట్లు ఇస్తున్నాయి. పెట్రోలు, ఇంటి అద్దె వంటి వాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. కొన్ని బంగారాన్ని కూడా మినహాయిస్తాయి. పెళ్లి ఖర్చంతా కార్డు మీద వేసేస్తే బోలెడు మైళ్లు వస్తాయని ఆశపడేవాళ్లు ముందు ఆ మినహాయింపుల జాబితా చదవాలి. ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను: గడువు తేదీకి బిల్లు మొత్తం కట్టలేనివారు పాయింట్ల కోసం కార్డు వాడకూడదు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి నలభై శాతం పైమాటే, ఏ మైలూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

కార్డు పాయింట్లను ఎలా ఖర్చు చేస్తామన్న దానిమీదే వాటి విలువ ఆధారపడి ఉంటుంది. బ్యాంకు కేటలాగులో మిక్సీకో, బహుమతి కూపనుకో మార్చుకుంటే చాలా కార్డుల్లో నాలుగు పాయింట్లకు ఒక రూపాయి రావడమే గొప్ప. విమాన మైళ్లుగా మార్చి టికెట్టు తీసుకునేటప్పుడు నేను వేసే లెక్క చాలా సులువైనది. ఒక ఎకానమీ టికెట్టు ధర 60,000 రూపాయలు, మైళ్లతో తీసుకుంటే 50,000 మైళ్లతో పాటు పన్నులకు 10,000 రూపాయలు అనుకుందాం. అప్పుడు మైలుకు ఒక రూపాయి వచ్చినట్టు. అదే దారిలో బిజినెస్ క్లాస్ ధర 2,50,000 రూపాయలు, మైళ్లతో అయితే 1,00,000 మైళ్లు, పన్నులు 20,000 రూపాయలు అనుకుంటే మైలుకు రెండు రూపాయల ముప్పై పైసలు పడుతుంది. దూరప్రయాణపు బిజినెస్ క్లాస్‌లోనే మైళ్లకు ఎక్కువ విలువ వస్తుందని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. పన్నులతో పాటు సంస్థలు సొంతంగా వేసే సర్‌ఛార్జీలను మాత్రం ముందే చూసుకోవాలి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా టికెట్లలో అవి తరచుగా భారీగా ఉంటాయి.

అక్క రెండో పురుడుకు అమ్మ దోహా మీదుగా డాలస్ వెళ్లింది బిజినెస్ క్లాస్‌లోనే. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి కదా అని, డబ్బు పెట్టి ఆ టికెట్టు కొందామంటే అమ్మ ససేమిరా ఒప్పుకునేది కాదు. ఆ డబ్బుతో మనవరాలికి గొలుసు చేయించవచ్చు అనేది. మైళ్లతో అనేసరికి ఆ మాటకు చోటు లేకపోయింది. ఎకానమీలో అమెరికాకు సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు తీసుకుపోనిస్తారు, బిజినెస్‌లో 32 కిలోలవి రెండు. ఆ పెరిగిన బరువులో బాలింతకు కాయం, పొడులు, నువ్వుల ఉండలు, ఆవకాయ, పసిబిడ్డ పొత్తిళ్లకు ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీరలు అన్నీ పట్టాయి. సర్దిన ప్రతిసారీ పెట్టెను తూకానికి వేలాడదీసి, ఏది తీసెయ్యాలా అని బాధపడే పని ఆ ఒక్కసారి తప్పింది. డాలస్‌లో దిగాక అమ్మ ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట, “కాళ్లు వాయలేదే, హాయిగా పడుకుని నిద్రపోయాను” అని. పాయింట్ల కోసం నేను పడిన శ్రమంతటికీ అంతకన్నా పెద్ద ఫలితం ఏముంటుంది!

తాతయ్య పోయిన రాత్రి మైళ్ల రెండో ప్రయోజనం చూశాను. బాబాయి షికాగోలో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఉంచుదామని ఇక్కడ ఫ్రీజర్ బాక్సు తెప్పించారు, అక్కడ ఆయన టికెట్టు కోసం చూస్తే మామూలు రోజుల ధరకు ఎన్నో రెట్లు పలుకుతోంది. మేము మైళ్లు దాచుకున్న పథకంలో టికెట్టుకు ఇన్ని మైళ్లు అన్నది పట్టిక ప్రకారం స్థిరంగా ఉంటుంది గనుక, డబ్బు ధర ఎంత ఎగబాకినా మైళ్ల ధర కదలలేదు. అర్ధరాత్రి దాటాక కుర్చీ లాక్కుని కూర్చుని, షికాగో నుంచి దోహాకు, దోహా నుంచి హైదరాబాద్‌కు సీటు ఉందని నిర్ధారించుకుని, బాబాయి పాస్‌పోర్టు నంబరు ఫోన్‌లో రెండుసార్లు చదివించుకుని టికెట్టు తీశాను. ఆయన వచ్చి తాతయ్య ఆఖరి చూపు దక్కించుకున్నారు, తలకొరివి పెట్టవలసిన నాన్నగారి పక్కన నిలబడ్డారు. ప్రతి సంస్థలోనూ ఇలా జరగదు. డబ్బు ధరతో పాటే మైళ్ల ధరను కూడా పెంచే పథకాలు ఇప్పుడు ఎక్కువవుతున్నాయి. అందుకే పట్టిక ఉన్న పథకంలో కొంత నిల్వ ఎప్పుడూ ఉంచాలని నేను పట్టుబడతాను. కార్డు పాయింట్లు విమాన ఖాతాలోకి మారడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది, ఆపద అన్ని రోజులు ఆగదు. మరొకరి కోసం టికెట్టు తీయాలంటే వారి పేరు ముందుగా నమోదు చేసి ఉండాలని కొన్ని పథకాల నియమం. సింగపూర్ వారి క్రిస్‌ఫ్లయర్‌లో అలాంటి నామినీలు ఐదుగురికి మించకూడదు. ఆ ఐదు పేర్లను ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకోవడం మంచిది.

ఇంత చెప్పినా, మైళ్లను ఏళ్ల తరబడి కదపకుండా దాచడాన్ని నేను సమర్థించను. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్లే ఆయుష్షు. సంస్థలు తమ పట్టికలను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, మార్చినప్పుడల్లా మన నిల్వ విలువ తగ్గుతుంది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు జెట్‌ప్రివిలేజ్ పాయింట్లు ఇంటర్‌మైల్స్ పేరుతో మిగిలాయి గాని, వాటితో ఎక్కడానికి ఆ సంస్థ విమానమే లేకపోయింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు కొత్త ఖాతాకు బదిలీ అయ్యాయి. ఆ సభ్యులు అదృష్టవంతులు. రెండు టికెట్లకు సరిపడా నిల్వ ఆపద కోసం ఉంచుకుని, మిగిలినవి వచ్చిన ఏడాదిలోనో మరుసటి ఏడాదిలోనో ఖర్చు చేయడమే మా ఇంటి పద్ధతి.

మైళ్ల సీట్లు కొన్ని సంస్థల్లో ప్రయాణానికి 355 రోజుల ముందు తెరుచుకుంటాయి. బడి సెలవుల్లో అమెరికా నుంచి పిల్లలు రావాలన్నా, ఇక్కడి పెద్దలు వెళ్లాలన్నా అదే అదను. సీటు దొరికినప్పుడు ముందు తీసేసుకుని, ప్రయాణం కుదరకపోతే కొద్దిపాటి రుసుము కట్టి మైళ్లు వెనక్కి రప్పించుకునే వీలు చాలా పథకాల్లో ఉంది. వచ్చే వేసవిలో అక్క కొడుకు ఒడుగు డాలస్‌లో చేయాలని అనుకుంటున్నారు. ముహూర్తం ఇంకా పెట్టలేదు గాని, ఆ రెండు వారాల్లో ఉన్న సీట్లలో అమ్మకూ నాన్నగారికీ పక్కపక్క సీట్లు నిన్న రాత్రే తీసిపెట్టాను.