ఖిబ్లా దొరికింది, మరి మిగతా ఆయత్ సంగతి?

ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు, ప్రపంచంలో ఏ మూలన ఉన్నా ఖిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పాల్సిన మక్కాలోని కాబా దిక్కు, ఎటో బాణం గుర్తు చూపించేస్తుంది. 2007లో మలేషియాకు చెందిన షేఖ్ ముస్జఫర్ షుకూర్ రంజాన్ నెలలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరినప్పుడు, రోజుకు దాదాపు 16 సార్లు భూమిని చుట్టే చోట నమాజు ఎలా చేయాలో ఆ దేశ ఉలమాలు (మత పండితులు) కూర్చుని నియమాలు రాశారు. వీలైతే కాబా వైపు, లేదంటే కాబాకు నేరుగా పైనున్న చోటు వైపు, అదీ కాకపోతే భూమి వైపు, ఏదీ కుదరకపోతే ఎటైనా సరే. వేళలకైతే రాకెట్ బయల్దేరిన చోటి టైమే లెక్క.

నాకు నచ్చింది ఆ 'ఎటైనా సరే'. కాలం మారితే మన దీన్ (ధర్మం) ఏమైపోతుందోనని టెన్షన్ పడేవాళ్లు ఒకసారి ఆ నియమాలు చూడాలి. తూర్పు పడమరలు అల్లాహ్‌వేనని, మీరు ఎటు తిరిగినా ఆయన అటే ఉన్నాడని ఖురాన్‌లోని అల్ బఖరా సూరా (అధ్యాయం) 115వ ఆయత్ (వచనం) ఎప్పుడో చెప్పింది.

అదే సూరాలో ఇంకాస్త ముందుకెళ్తే 177వ ఆయత్ వస్తుంది. మక్కా నుంచి మదీనాకు హిజ్రత్ (వలస) చేశాక 16, 17 నెలలు జెరూసలేం వైపు తిరిగి నమాజు చేసిన తొలి ముస్లింలకు కాబా వైపు తిరగమని ఆదేశం వచ్చింది, దాని మీద పెద్ద రచ్చే జరిగింది. ఈ ఆయత్ మాత్రం ముఖాన్ని తూర్పుకో పడమరకో తిప్పడమే పుణ్యం కాదంటుంది. అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని, దైవదూతలను, గ్రంథాన్ని, ప్రవక్తలను నమ్మడం, సొమ్ము మీద ప్రేమ ఉన్నా దాన్ని బంధువులకు, అనాథలకు, పేదలకు, బాటసారులకు ఇవ్వడం, బానిసలను విడిపించడం, నమాజు, జకాత్ (తప్పనిసరి దానం), మాట నిలబెట్టుకోవడం, కష్టంలో ఓర్పు. దిక్కు వద్దని కాదు, నమాజు ఇందులోనే ఉంది కదా.

ఇప్పుడు ముస్లిం అనగానే బయటివాళ్లకు కనిపించేది పేరు, టోపీ, గడ్డం, హిజాబ్. అనుమానాలూ డిబేట్లూ అన్నీ వాటి మీదే. వాళ్లు దేన్ని వేలెత్తి చూపిస్తే మనమూ దాన్నే గట్టిగా పట్టుకుంటున్నాం, అది సహజమే, నేను తప్పుపట్టను, కానీ ఎవరూ అడగనివి మెల్లగా జారిపోతున్నాయి. నమాజు తప్పితే నిలదీసే పెద్దలున్నారు. పనివాడికి కూలి ఎగ్గొట్టినవాణ్ణి, మాట తప్పిన వ్యాపారిని 'నీ ఈమాన్ (విశ్వాసం) సంగతేంటి' అని అడిగేవాళ్లు ఎందరు?

ఇంకో సంగతి. ఈ ఆయత్‌లో సొమ్ము ఇవ్వడం ఒకచోట, జకాత్ ఇంకోచోట విడివిడిగా ఉన్నాయి, అందుకే జకాత్‌తోనే బాధ్యత తీరిపోదని చాలామంది వ్యాఖ్యాతలు అన్నారు. జకాత్‌కు రెండున్నర శాతం అని లెక్క ఉంది, అదీ యాప్ చేసి పెడుతుంది. మొదటిదానికి ఏ రేటూ లేదు, ఎంత ఇవ్వాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.