టెట్ తెలుగు: 30కి 27, కోచింగ్ మాస్టారి దయ లేకుండా

నిన్న టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఫలితాలు వచ్చాయి. తెలుగులో 30కి 27. ఇంట్లో అందరికీ చెప్పడం అయిపోయింది, ఇక మీకు కూడా చెబుతున్నాను.

ప్రైవేటు బడిలో టీచర్‌ని. ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి, పాత మార్కులు చాలవని పేపర్-1 (ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పేవాళ్లకు) మళ్లీ రాశాను. దరఖాస్తు, ఫీజు, హాల్ టికెట్ అన్నీ ఫోనులోనే అయిపోయాయి. 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు, ఒక్కటీ వదలకండి. గణితం, పరిసరాల విజ్ఞానం రోజూ నేను చెప్పే పాఠాలే.

తెలుగు కోసం మాత్రం కోచింగ్‌లో చేరాను. అక్కడి మాస్టారికి ఊళ్లో పెద్ద పేరు. అలంకారాల పాఠం రోజున ఆయన బోర్డు మీద రెండు గళ్లు గీశారు. ‘వలె, పోలె, లా’ కనిపిస్తే ఉపమ. ‘అన్నట్లు, కాబోలు, ఏమో’ కనిపిస్తే ఉత్ప్రేక్ష. “గుర్తు చూడండి, జవాబు పెట్టండి. ఆలోచిస్తే టైము పోతుంది” అన్నారు.

నేను లేచి, “సార్, ‘ఇవాళ బస్సు రాదు కాబోలు’ అంటే అది కూడా ఉత్ప్రేక్షేనా?” అని అడిగాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు.

“మీకు పిల్లలెంతమందమ్మా?”

“ఇద్దరు సార్.”

“వాళ్లను ఎవరి దగ్గర వదిలి వచ్చారు? ఇంటి దగ్గర పని తక్కువై ఇక్కడికి వచ్చినట్లున్నారు. రండి, మీరే చెప్పండి పాఠం.”

అంతటితో ఊరుకోలేదు. నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, పద్యపాదం చెప్పి గణ విభజన చేయమన్నారు. అలంకారానికీ గణాలకూ ఏమిటి సంబంధం? సంయుక్తాక్షరం ముందున్న అక్షరాన్ని గురువుగా గుర్తించుకుంటూ చేశాను. భ ర న భ భ ర వ, ఉత్పలమాల. ఒక్క గణం తప్పలేదు. “బట్టీ బాగానే పట్టారు” అన్నారాయన. క్లాసంతా నవ్వు. వాళ్లలో సగం మంది నాకంటే పదేళ్లు చిన్నవాళ్లు. మెట్లు దిగుతుంటే ఒకమ్మాయి పక్కకు వచ్చి, “అక్కా, మీరడిగింది సరైనదే. కానీ ఇక్కడ అడగకూడదు” అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

బస్సు రాదనుకోవడం ఉత్త అనుమానం. అక్కడ ఒక వస్తువును మరో వస్తువుగా ఊహించడం ఏదీ? ఊహించినప్పుడే ఉత్ప్రేక్ష. “ఆ మబ్బులు ఏనుగుల్లా నల్లగా ఉన్నాయి” అంటే ఉపమ: మబ్బులు ఉపమేయం, ఏనుగులు ఉపమానం, నలుపు సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. “ఆ మబ్బులు ఏనుగుల గుంపేమో అన్నట్లున్నాయి” అంటే ఉత్ప్రేక్ష. “మేఘగజాలు కదిలాయి” అంటే రూపకం, మబ్బుకూ ఏనుగుకూ భేదమే లేదు. ఈ మూడు వాక్యాలూ మా ఐదో తరగతి పిల్లల ముందు పెట్టి, అలంకారాల పేర్లు చెప్పకుండా తేడా అడిగాను. “మొదటిదాంట్లో పోలిక, రెండోదాంట్లో అలా అనిపించింది, మూడోదాంట్లో మబ్బే ఏనుగైపోయింది టీచర్” అంది ఒక పిల్ల. పదేళ్ల పిల్లకు అందిన సంగతికి అంత ఫీజు గుంజి రెండు గళ్లు గీసిచ్చే ఆయన్ని ఏమనాలి? రేపు ఆ గళ్లే పట్టుకుని వీళ్లంతా బడుల్లోకి వెళ్లి పాఠాలు చెబుతారు.

మర్నాటి నుంచి వెళ్లలేదు. కట్టిన ఫీజులో రూపాయి తిరిగి ఇవ్వలేదు. వాళ్లు అమ్మిన మెటీరియల్‌లో చంపకమాలకు యతి స్థానం (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన అక్షరం) 10 అని అచ్చయింది. 10 ఉత్పలమాలకు, చంపకమాలకు 11. డబ్బు పెట్టి తప్పులు కొనుక్కోకండి, పాత పదో తరగతి తెలుగు వాచకాలు సంపాదించండి చాలు. ప్రకృతి వికృతులు, నానార్థాలు, వ్యుత్పత్త్యర్థాలు పాఠాల వెనకే ఉంటాయి.

అపరిచిత గద్యం గురించి ఒక్క మాట. ముందు ప్రశ్నలు చదివి, తర్వాత పేరా చదవండి. లోకంలో నిజమైనా పేరాలో లేని మాటను ఒక ఐచ్ఛికంగా పెడతారు. పేరా చెరువు పూడిక గురించి అయితే, ‘కాకతీయులు చెరువులు తవ్వించారు’ అని ఉంటుంది. నిజమే, కానీ పేరాలో ఎక్కడుంది? శీర్షిక అడిగితే, ఒక్క వాక్యానికి కాక పేరా మొత్తానికి సరిపోయేది పెట్టండి.

ఇవాళ పొద్దున ఆ సెంటరు నుంచి ఫోను. విజేతల ఫ్లెక్సీ వేయిస్తున్నారట, నా ఫొటో, హాల్ టికెట్ నంబరు పంపమన్నారు. ముందు నా ఫీజు పంపమన్నాను. పెట్టేశారు.